మన నెత్తి మీద ఎవరి చెత్త?

*పని అయిపోయిన ఉపగ్రహాలు, ఖాళీ అయిన రాకెట్ దశలు, పేలిపోయిన ట్యాంకుల ముక్కలు... అరవై ఏళ్లకు పైగా దేశాలన్నీ ఆకాశంలో వదిలేసినవి భూమి చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. కొన్ని కింద పడుతున్నాయి, కొన్ని పైన ప్రాణాల మీదికి తెస్తున్నాయి.*

2022 ఏప్రిల్ 2. మనకు శుభకృత్ నామ సంవత్సర ఉగాది, మరాఠీవాళ్లకు గుడి పడ్వా. ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్లకు బల్లార్షా స్టేషన్ పరిచయమే. అది ఉన్నది చంద్రపూర్ జిల్లాలో, మన ఆసిఫాబాద్ సరిహద్దు దాటగానే. ఆ జిల్లాలోనే సిందేవాహి తాలూకాలో లాడ్‌బోరి అనే పల్లె. రాత్రి ఎనిమిది కావస్తోంది. ఊరంతా కలిసి భోంచేయడానికి వంటలు సాగుతున్నాయి. ఉన్నట్టుండి ఆకాశంలో నిప్పుల చారలు. వాటితో పాటే ఎర్రగా కాలుతున్న చక్రం లాంటిదొకటి నేరుగా ఊళ్లోకి దిగి, ఖాళీ జాగాలో ధడాలున పడింది. పేలుతుందేమోనని జనం ఇళ్లలోకి పరుగెత్తారు. దాదాపు అరగంట పాటు ఎవరూ గడప దాటలేదు.

తీరా వచ్చి చూస్తే అదొక లోహపు రింగు. రెండు మూడు మీటర్ల వెడల్పు, నలభై కిలోలకు పైగా బరువు. మర్నాడు ఆ చుట్టుపక్కలే మరో ఊళ్లో అర మీటరు వెడల్పున్న లోహపు గోళం దొరికింది. ఇస్రో నిపుణులు వచ్చి పరిశీలించారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్-3బి రాకెట్ మూడో దశ తాలూకు ముక్కలివి అయి ఉంటాయని, కక్ష్యల లెక్కలు కట్టే నిపుణులు తేల్చారు. ఉపగ్రహాన్ని వదిలేశాక ఏడాదికి పైగా ఆ ఖాళీ దశ ఎవరి అదుపూ లేకుండా భూమి చుట్టూ తిరిగింది. చివరికి ఎక్కడ పడాలో దానికి చెప్పేవాళ్లు లేక, వంటలు వండుకుంటున్న ఒక పల్లెలో పడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది పది గజాలు అటో ఇటో పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే మాత్రం గుండె ఝల్లుమంటుంది.

చైనాకూ తప్పలేదు

ఈ సంగతి మళ్లీ అందరి నోళ్లలో నానడానికి కారణం 2025 నవంబరులో చైనా అంతరిక్ష కేంద్రంలో జరిగిన ఘటన. ఆరు నెలల పని ముగించుకుని నవంబరు 5న ముగ్గురు వ్యోమగాములు ఇంటికి బయల్దేరాలి. వాళ్లను తీసుకురావాల్సిన షెన్‌జౌ-20 నౌక కిటికీలో సన్నని పగుళ్లు కనిపించాయి. చిన్న అంతరిక్ష శకలం తగిలి ఉంటుందని అధికారులు అనుమానించారు. ఆ నౌకలో మనుషుల్ని దించే సాహసం చేయలేదు. తొమ్మిది రోజులు ఆపి, కొత్తగా వెళ్లిన బృందం నౌకలో వీళ్లను కిందికి తెచ్చారు. దాంతో పైన మిగిలిన ముగ్గురికి, నమ్మదగిన నౌక లేకుండా పోయింది. నవంబరు 25న ఖాళీ నౌకను పంపేదాకా వాళ్లు అలాగే గడిపారు. ఆ పదకొండు రోజుల్లో పైన ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే ఎలా దిగేవారు? వాళ్ల ఇళ్లలో భార్యాబిడ్డలు ఆ పదకొండు రాత్రులు ఎలా నిద్రపోయి ఉంటారు?

మనమూ గగన్‌యాన్‌లో మన బిడ్డల్ని అదే దారిలోకి పంపబోతున్నాం. అందుకే ఈ చెత్త గొడవ శాస్త్రవేత్తలకు మాత్రమే వదిలేయాల్సింది కాదు.

> పైన ఎంత ఉంది?
> ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనాల ప్రకారం:
> 10 సెంటీమీటర్లకు మించినవి: సుమారు 54 వేలు (పనిచేస్తున్న ఉపగ్రహాలతో కలిపి)
> 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్యవి: సుమారు 12 లక్షలు
> 1 మిల్లీమీటరు నుంచి 1 సెంటీమీటరు దాకా: 13 కోట్లకు పైనే
> రాడార్లు, టెలిస్కోపులతో ఎప్పటికప్పుడు కనిపెట్టి చూస్తున్నవి: సుమారు 40 వేలు
> అన్నిటికన్నా పాతది: 1958 మార్చి 17న అమెరికా పంపిన వాన్‌గార్డ్-1. బరువు కిలోన్నర లోపే. ఎప్పుడో మూగబోయింది, ఇప్పటికీ తిరుగుతోంది.

వేగమే ప్రాణాంతకం

కింది కక్ష్యల్లో తిరిగే ఏ వస్తువైనా గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు అర నిమిషం చాలు. ఆ వేగంలో బరువుతో పనిలేదు. 1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీ అద్దానికి గుంట పడింది. తగిలిందేమిటా అని పరీక్షిస్తే పెయింటు పెచ్చు. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుందేమో. ఆ అద్దాన్ని మార్చాల్సి వచ్చింది.

పెచ్చుకే అంత ఉంటే ఉపగ్రహానికి ఉపగ్రహమే తగిలితే? అదీ జరిగింది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, 789 కిలోమీటర్ల ఎత్తున, పనిచేస్తున్న అమెరికా ఫోన్ ఉపగ్రహం ఇరిడియం-33ను, ఎప్పుడో మూలపడ్డ రష్యా ఉపగ్రహం కాస్మోస్-2251 ఢీకొట్టింది. రెండూ నుగ్గునుగ్గయ్యాయి. లెక్కకు అందినవే రెండు వేలకు పైగా ముక్కలు. ఒక్కో ముక్కా మళ్లీ మరో ఉపగ్రహానికి తూటాయే.

ఇలా ఒకదాన్నొకటి కొట్టుకుంటూ పోతే, కొత్తగా ఏమీ పంపకపోయినా చెత్త తనంతట తానే పెరిగే రోజు వస్తుందని నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే, సహచరుడు బర్టన్ కూర్-పలైతో కలిసి రాసిన పరిశోధన పత్రంలో హెచ్చరించారు. ఆయన పేరుతోనే దాన్ని కెస్లర్ సిండ్రోమ్ అంటున్నారు. అప్పటికి ఉపగ్రహాలు వందల్లో. ఇప్పుడు పనిచేస్తున్నవే పది వేలు దాటాయి. వాటిలో సగానికి పైగా ఒక్క కంపెనీవే, స్టార్‌లింక్‌వి. ఢీకొనకుండా తప్పించుకోవడానికి అవి 2024 మొదటి సగంలోనే దాదాపు 50 వేల సార్లు దారి మార్చుకున్నాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. అవి తిరిగేది 550 కిలోమీటర్ల దగ్గర. అక్కడ పలచగానైనా గాలి ఉంటుంది. పాడైపోతే ఆ గాలి రాపిడికి అయిదేళ్ల అటూ ఇటూగా దిగి కాలిపోతాయి. 800 కిలోమీటర్ల ఎత్తున ఆ వెసులుబాటు లేదు. అక్కడ వదిలేసింది వందేళ్లకు పైగా తిరుగుతుంది. ఐరోపావాళ్ల ఎన్విశాట్ సంగతే చూడండి. ఎనిమిది టన్నుల ఉపగ్రహం, 2012 ఏప్రిల్‌లో సంబంధాలు తెగిపోయాయి. మరో నూటయాభై ఏళ్ల దాకా అది పైనే ఉంటుందని లెక్క. మన మునిమనవళ్లు కూడా దాన్ని తప్పించుకు తిరగాల్సిందే.

తెలిసి తెలిసి చేసినవి

ప్రమాదవశాత్తూ జరిగినవి ఒక ఎత్తు. కావాలని పేల్చినవి మరో ఎత్తు. 2007 జనవరి 11న చైనా తన పాత వాతావరణ ఉపగ్రహం ఫెంగ్యున్-1సిని క్షిపణితో కొట్టింది. మూడు వేలకు పైగా ముక్కలు, అదీ 850 కిలోమీటర్ల పైన. చరిత్రలో ఒక్క దెబ్బకు అంత చెత్త పుట్టించిన ఘటన మరొకటి లేదు.

2021 నవంబరు 15న రష్యా తన ఉపగ్రహం కాస్మోస్-1408ను పేల్చి అదే పని చేసింది. నాలుగు రోజుల ముందే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కొత్త బృందం చేరుకుంది. దాని కమాండర్ రాజాచారి. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. రాజాచారికి అదే తొలి అంతరిక్ష యాత్ర. ఇంకా ఆ బరువులేనితనానికి ఒళ్లు అలవాటు పడుతున్న రోజుల్లో, నిద్రలో ఉన్నవాళ్లను హ్యూస్టన్ నుంచి పిలుపు లేపింది. ఒక ఉపగ్రహం పేలిపోయింది, ముక్కలు మీ దారిలోకి వస్తున్నాయి, నౌకల్లోకి వెళ్లి తలుపులు బిగించుకోండి అని. చారి, ఆయన ముగ్గురు సహచరులు తాము వచ్చిన డ్రాగన్ నౌకలోకి దూరారు. మిగతా ముగ్గురూ సోయజ్‌లోకి. ఆ ముగ్గురిలో ఇద్దరు రష్యన్లే. దాదాపు రెండు గంటలు అలా ఇరుకు నౌకల్లో కూర్చున్నారు. భూమిని ఒకసారి చుట్టి వచ్చేందుకు గంటన్నర. చుట్టిన ప్రతిసారీ ఆ ముక్కల గుంపు దగ్గరికి మళ్లీ రావాల్సిందే.

సొంత మనుషులు ఇద్దరు పైన ఉండగా పేల్చారు. దీనికి ఏ సైనిక అవసరాన్ని చెప్పినా నేను ఒప్పుకోలేను.

మరి మనం? 2019 మార్చి 27న భారత్ 'మిషన్ శక్తి' జరిపింది. ఆ జనవరిలోనే శ్రీహరికోట నుంచి పంపిన మైక్రోశాట్-ఆర్‌ను ఒడిశా తీరంలోని అబ్దుల్ కలామ్ ద్వీపం నుంచి వెళ్లిన క్షిపణి కొట్టింది. ఎత్తు 300 కిలోమీటర్ల లోపే ఎంచుకున్నారు, శకలాలు త్వరగా కాలిపోవాలని. అప్పటి డీఆర్‌డీవో అధిపతి, నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీష్‌రెడ్డి 45 రోజుల్లో అన్నీ పోతాయన్నారు. ఎక్కువ భాగం అలాగే పోయాయి. కానీ దెబ్బ ధాటికి కొన్ని ముక్కలు అంతరిక్ష కేంద్రం కన్నా పైకి ఎగిరాయి. అవి ఏడాది దాటినా పైనే ఉన్నాయి. చైనా, రష్యా చేసిన దాంతో పోలిస్తే ఇది చిన్నదే. అయినా మనం చేసింది కాబట్టి అది చెత్త కాదనడం కుదరదు. అమెరికా కూడా 1985లో, 2008లో ఈ పని చేసింది. తిలా పాపం తలా పిడికెడు.

శ్రీహరికోట పాఠాలు

మన ఖాతాలో పెద్ద పద్దు నిజానికి మిషన్ శక్తి కాదు. 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సి3 పని చక్కగా పూర్తిచేసింది. ఉపగ్రహాలను వదిలేసిన నాలుగో దశ కక్ష్యలో ఉండిపోయింది. రెండు నెలలు తిరక్కుండా, డిసెంబరు 19న అది పేలింది. మూడు వందలకు పైగా ముక్కలు. ఇరవై ఏళ్లు దాటాక కూడా వాటిలో కొన్ని తిరుగుతూనే ఉన్నాయి. పని అయిపోయిన దశలో అడుగున మిగిలిన ఇంధనం, ట్యాంకుల్లోని పీడనం ఇలాంటి పేలుళ్లకు కారణమవుతాయి. ఎండకీ చీకటికీ మారి మారి వేడెక్కుతూ చల్లబడుతూ ట్యాంకు ఏదో ఒక రోజు పగులుతుంది. ఆ దెబ్బ తర్వాత ఇస్రో పని ముగిసిన నాలుగో దశలో మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేసి, ట్యాంకులు ఖాళీ చేయడం మొదలుపెట్టింది.

అంతరిక్షంలోని చెత్త ఇప్పుడు మన ప్రయోగాల ముహూర్తాలనే మారుస్తోంది. 2023 జులై 14 మధ్యాహ్నం సూళ్లూరుపేట దారులన్నీ జనంతో కిక్కిరిసిన రోజు గుర్తుంది కదా! ఆ రోజు చంద్రయాన్-3 అసలు అనుకున్న క్షణం కన్నా నాలుగు సెకన్లు ఆలస్యంగా లేచింది. దారిలో మరో వస్తువు దగ్గరగా వచ్చే అవకాశం ఉందని ముందే లెక్కకట్టి ఆ నాలుగు సెకన్లు జరిపారు. పక్షం రోజుల తర్వాత, జులై 30న పీఎస్ఎల్‌వీ-సి56ను ఇదే కారణంతో ఒక నిమిషం ఆపారు. కక్ష్యలోకి చేరాక కూడా ఈ బాధ తప్పదు. 2023లో మన ఉపగ్రహాలు 23 సార్లు దారి మార్చుకుని ఢీకొనే ముప్పు తప్పించుకున్నాయి. తప్పుకున్న ప్రతిసారీ ఇంధనం ఖర్చు. ఇంధనం అయిపోతే ఉపగ్రహం ఆయుష్షు అయిపోయినట్టే.

ఇక మెచ్చుకోవాల్సిన పని ఒకటుంది. మేఘ-ట్రోపిక్స్ అనే వాతావరణ ఉపగ్రహం 2011లో వెళ్లింది. దాని కక్ష్య 867 కిలోమీటర్లు. వదిలేస్తే వందేళ్లకు పైగా అక్కడే ఉండేది. దాన్ని ఉద్దేశపూర్వకంగా కిందికి దించేలా తయారుచేయలేదు కూడా. అయినా పని ముగిశాక ట్యాంకులో ఇంకా 125 కిలోల ఇంధనం మిగిలి ఉందని గమనించిన ఇంజినీర్లు, దాన్ని కిందికి దించాలని పూనుకున్నారు. 2022 ఆగస్టు నుంచి నెలల తరబడి, ఇరవై దఫాలుగా కొద్దికొద్దిగా కక్ష్య తగ్గిస్తూ వచ్చారు. మనుషులు లేని పసిఫిక్ మహాసముద్రం మీద 2023 మార్చి 7న దాన్ని కాల్చేశారు. ఎవరూ చప్పట్లు కొట్టని పని. పతాక శీర్షికలూ రాలేదు. అయినా చేశారు.

2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్‌ను తీసుకెళ్లిన పీఎస్ఎల్‌వీ-సి58 విషయంలో ఇంకో అడుగు ముందుకేశారు. నాలుగో దశను 650 నుంచి 350 కిలోమీటర్లకు దించి, దాని మీదే చిన్న చిన్న ప్రయోగాలు జరిపి, మార్చి 21న కాలిపోయేలా చేశారు. ఆ ప్రయోగం కక్ష్యలో దాదాపు ఏమీ మిగల్చలేదు.

> స్కైలాబ్ ఏడాది
> 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1979 జులై 11న కూలింది. సూర్యుడి ఉధృతికి పై వాతావరణం ఉబ్బడంతో అనుకున్న దానికన్నా ముందే దిగొచ్చింది. నెత్తిన పడుతుందన్న భయంతో మన పల్లెల్లో కోళ్లు, మేకలు కోసుకు తిన్నవాళ్లు, ఉన్నదంతా ఖర్చుపెట్టేసినవాళ్లు ఎందరో. ఆ ఏడు పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అనే పేరూ పెట్టారు. ఈ భయాల మీదే 2021లో కరీంనగర్ ప్రాంత నేపథ్యంతో తెలుగు సినిమా వచ్చింది. చివరికి అది పడింది ఆస్ట్రేలియాలో, ఎస్పరెన్స్ చుట్టుపక్కల. చెత్త వేసినందుకు అక్కడి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. 2009లో ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందా పోగుచేసి కట్టేదాకా అది బాకీ ఉండిపోయింది.

కాకినాడ రేవుకు ఏమిటి సంబంధం?

ఉంది. అక్కడి నుంచి వేటకు వెళ్లే మత్స్యకారులకు ఏ దిక్కున, ఎంత దూరంలో చేపలు దొరకొచ్చో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సలహాలిస్తుంది. సముద్రం రంగును, ఉపరితల వేడిని ఉపగ్రహాలు చూసి పంపే సమాచారమే దానికి ఆధారం. నాచు ఎక్కువున్న చోట నీటి రంగు మారుతుంది, అక్కడికి చేపలు చేరతాయి. ఆ రంగును చూసే మన ఓషన్‌శాట్ తిరిగేది దాదాపు 740 కిలోమీటర్ల ఎత్తున. పంటల విస్తీర్ణం, చెరువుల నీరు, వరద ముంపు చూసే రిసోర్స్‌శాట్ ఉన్నది 817 కిలోమీటర్ల దగ్గర. ఇరిడియం ఢీకొన్నదీ, ఫెంగ్యున్ పేలిందీ, ఎన్విశాట్ తిరుగుతున్నదీ దాదాపు ఈ ఎత్తుల్లోనే. బోటు యజమాని డీజిల్ వృథా కాకుండా ఒడ్డుకు రావడానికీ, రైతుకు నష్టపరిహారం లెక్క తేలడానికీ ఆధారమైన కళ్లు, ఆకాశంలో అన్నిటికన్నా మురికి వీధిలో తిరుగుతున్నాయి.

పడితే ఎవరు కడతారు?

1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఒక దేశం పంపిన వస్తువు మరో దేశం నేల మీద నష్టం చేస్తే పంపిన దేశమే పూర్తి బాధ్యురాలు. కాగితం మీద బాగానే ఉంది. 1978 జనవరి 24న అణు రియాక్టర్‌తో ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా ఉత్తర ప్రాంతంలో కూలి, రేడియోధార్మిక ముక్కలు మంచు మీద చెల్లాచెదురయ్యాయి. వెతికి ఏరడానికి కెనడాకు తడిసి మోపెడైంది. 60 లక్షల డాలర్లు అడిగితే, 1981లో సోవియట్లు 30 లక్షలకు ఒప్పుకున్నారు. సగమే.

2024 మార్చి 8న ఫ్లోరిడాలో ఒక ఇంటి పైకప్పును, అంతస్తునూ చీల్చుకుంటూ ముప్పావు కిలో లోహపు ముక్క దూసుకొచ్చింది. ఇంటి యజమాని కొడుకు రెండు గదుల అవతల ఉన్నాడు. అంతరిక్ష కేంద్రం 2021లో వదిలేసిన పాత బ్యాటరీల చట్రంలోది అని నాసా ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబరు 30న కెన్యాలోని ముకుకు గ్రామంలో అయిదు క్వింటాళ్ల లోహపు రింగు పడింది. లాడ్‌బోరి లాంటి ఊరే. మనం పడేసిన దాన్ని కూడా దాచకూడదు. 2023 జులైలో ఆస్ట్రేలియా పడమటి తీరంలో, గ్రీన్ హెడ్ బీచ్‌కు కొట్టుకొచ్చిన పెద్ద సిలిండర్ మన పీఎస్ఎల్‌వీ మూడో దశదే. అది కక్ష్యలోంచి పడింది కాదు, ప్రయోగ సమయంలో సముద్రంలో రాలిందే. అయినా ఒడ్డున ఉన్నవాళ్లు బెదిరిపోయారు.

పైన ఉన్నదాన్ని ఎవరైనా వెళ్లి ఏరేయొచ్చు కదా అనిపిస్తుంది. చట్టం అడ్డు. ఎంత పాతదైనా, ముక్కలైనా, అది పంపిన దేశానిదే. అడక్కుండా ముట్టుకోకూడదు. పైగా పక్కవాడి ఉపగ్రహాన్ని పట్టుకోగలిగిన యంత్రం యుద్ధంలో ఆయుధమూ అవుతుందని అందరికీ అనుమానం. సాంకేతికంగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2024లో జపాన్ కంపెనీ ఆస్ట్రోస్కేల్ పంపిన నౌక, 2009 నుంచి తిరుగుతున్న మూడు టన్నుల జపాన్ రాకెట్ దశకు 15 మీటర్ల దగ్గరిదాకా వెళ్లి ఫొటోలు తీసింది. రెండు ఉపగ్రహాలను పైనే కలిపిన మన స్పేడెక్స్ విజయం కూడా రేపు ఇలాంటి పనికి అక్కరకొస్తుంది. కానీ ఒక్కొక్కటీ పట్టి దించడానికి కోట్లు పోయాలి, ఎవరు పోస్తారన్నది తేలలేదు.

కాబట్టి కొత్త చెత్త వేయకుండా ఆపడమే అసలు మందు. ఇన్నాళ్లూ పని ముగిశాక పాతికేళ్లలో దించితే చాలన్నారు. పాతికేళ్లంటే ఒక తరం. అమెరికా దాన్ని 2022లో అయిదేళ్లకు కుదించింది. 2023 అక్టోబరులో డిష్ అనే టీవీ కంపెనీకి, తన ముసలి ఉపగ్రహాన్ని ఇతరులకు అడ్డం లేకుండా చెప్పినంత ఎత్తుకు పంపనందుకు లక్షన్నర డాలర్ల జరిమానా వేసింది. ఇలాంటి జరిమానా అదే మొదటిది. ఆ కంపెనీ స్థాయికి అది చిల్లరే, కానీ మొదలంటూ అయింది.

భారత్ 2030 నాటికి మన ప్రయోగాలన్నీ చెత్త మిగల్చకుండా సాగాలని లక్ష్యం పెట్టుకుంది. 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో ఇస్రో ఈ మాట ప్రకటించింది. ప్రభుత్వ సంస్థలకే కాదు, ప్రైవేటు కంపెనీలకూ ఇది వర్తిస్తుందని చెప్పింది. హైదరాబాద్‌లోనే రాకెట్లు తయారుచేస్తున్న స్కైరూట్, ఉపగ్రహాలు తయారుచేస్తున్న ధ్రువ స్పేస్ ఉన్నాయి. వాళ్లు ఎదగాలి, మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు రావాలి. పంపిన ప్రతిదాన్నీ దించే ఏర్పాటు డ్రాయింగులోనే ఉండేలా చూసుకోవడం ఈ దశలో సులువు. వేలల్లో పంపాక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది.

ప్రయోగం రోజు ఉపగ్రహం విడిపోగానే మిషన్ కంట్రోల్‌లో చప్పట్లు మోగుతాయి, టీవీల్లో ప్రసారం ఆగిపోతుంది. నాలుగో దశ ఏమైందన్న వార్త అక్కడితో తెగిపోతోంది. పాఠకులుగా, ప్రేక్షకులుగా మనం దాన్నీ అడగాలి. పైన ఏం వదిలాం, ఏం దించాం అన్న లెక్కను ఇస్రో ఏటా నివేదికగా బయటపెడుతోంది. ఇక మీదట రాకెట్ పంపే ప్రతి ప్రైవేటు సంస్థా అదే లెక్క జనం ముందు పెట్టాలని మనం పట్టుబట్టాలి.